గడ్డి పోతే పిట్ట కూడా పోతుంది

కౌజు పిట్ట అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఫ్రై. అది ఫారంలో పెంచే జపాన్ జాతి. నేను చెప్పేది పొదల్లో బతికే కౌజుల గురించి. పెర్డిక్యులా అనే ఒకే ప్రజాతికి (జీనస్) చెందిన అక్కాచెల్లెళ్ళలో రెండు: జంగిల్ బుష్ క్వెయిల్, మణిపూర్ బుష్ క్వెయిల్.

మొదటిది మన దగ్గరే ఉంటుంది. ఎండు గడ్డి, ముళ్ళ తుప్పలు ఉంటే చాలు. గుంపుగా నేలకి అతుక్కుని కూర్చుంటాయి. దాదాపు మన కాలి కింద పడేదాకా కదలవు, తర్వాత ఒక్కసారిగా బుర్రుమని తలో దిక్కుకీ లేస్తాయి. ఐయూసీఎన్ జాబితాలో దీని పక్కన 'లీస్ట్ కన్సర్న్' అని ఉంటుంది. అంటే ఇప్పటికైతే పెద్ద దిగులు లేదని.

రెండోదానికి అస్సాం, మణిపూర్ వైపు తడి నేలల్లో పెరిగే పొడవాటి ఏనుగు గడ్డి కావాలి. 1881లో మణిపూర్ వెళ్ళిన ఎ.ఓ. హ్యూమ్ (అవును, కాంగ్రెస్ స్థాపించిన హ్యూమే) ఈ పిట్ట కోసం ఏకంగా ఒక పెద్ద గడ్డి బీడునే కొట్టించాడు. తర్వాత అదే పని మనం ఇంకా పెద్ద ఎత్తున చేశాం, తడి నేలల్ని ఆరబెట్టి పొలాలుగా మార్చి. 1932 తర్వాత మళ్ళీ 2006లో అస్సాంలో కనిపించేదాకా దానికి గట్టి రికార్డే లేదు. ఇప్పుడది 'ఎన్‌డేంజర్డ్'.

నాకు అర్థమైంది ఒకటే. చెల్లెలు బలహీనమైంది కాదు, దాని గడ్డి పోయింది అంతే. మరి అక్క గడ్డి సంగతి? మన దేశపు వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్‌లో తుప్పల నేల కూడా వేస్ట్ లెక్కలోనే వస్తుంది. ఆ అట్లాస్‌కి పనిచేసిన ఎన్ఆర్ఎస్సీ మన హైదరాబాద్‌లోనే ఉంది.

మా హాస్టల్ వెనక తుప్పల్లో ఫస్టియర్‌లో ఈ పిట్టలు లేవడం చూసి ఉలిక్కిపడ్డాను. పోయిన సెమిస్టర్‌లో జేసీబీ వచ్చి అంతా చదును చేసింది. తర్వాత మేమే వెళ్ళి అక్కడ మొక్కలు నాటి, సెల్ఫీలు దిగాం. నేనూ దిగాను. మొక్కలు నాటడం తప్పని అనను. కానీ నాటేముందు అక్కడ ఎవరున్నారో ఒక్కసారి చూడాల్సింది.

'లీస్ట్ కన్సర్న్' అంటే పట్టించుకోనక్కర్లేదని కాదు. ఇంకా టైం ఉందని.