సూది మందుకి పేరుండదా?

"ఒక ఇంజక్షన్ పడేయండి డాక్టరు గారూ, ఎల్లుండి పెళ్ళికెళ్ళాలి." మన ఊళ్ళలో ఆరెంపీ గారి అరుగు మీద కాసేపు కూర్చుంటే చాలు, ఈ మాట చెవిన పడుతుంది. ఆయన పొడుస్తారు. మర్నాటికి నొప్పి మాయం. హస్తవాసి మంచిదని ఊరంతా పేరు. ఆ సీసాలో ఏముందని అడిగినవాళ్ళూ లేరు, చెప్పినవాళ్ళూ లేరు.

ఒక్క రాత్రిలో అలా లేపి కూర్చోబెట్టే మందుల్లో ముందు వరసలో ఉండేది స్టెరాయిడ్. డెక్సామెథసోనో, బీటామెథసోనో ఏదో ఒకటి.

నేనేమీ స్టెరాయిడ్ల మీద కత్తి దూయడం లేదండోయ్. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో కదల్లేని ఒకావిడకి కార్టిసోన్ ఇంజక్షన్లు ఇస్తే, కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, మహా అయితే పది రోజులు ఇస్తే, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకి మాత్రం ఏ లాభమూ కనబడలేదు. ఆ రెండో సగం మనవాళ్ళలో చాలామంది చదవలేదు. 2021లో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడినప్పుడు, అదుపులో లేని షుగరుతో పాటు ఇష్టమొచ్చినట్టు వాడిన స్టెరాయిడ్లూ ముఖ్య కారణాల్లో ఒకటని తేలింది. మందు అదే. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నదే తేడా.

స్టెరాయిడ్ వాపుని అణుస్తుంది. అది ఎందుకొచ్చిందో దానికి అనవసరం. మా వృత్తి భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజ్ కనబడకుండా చేసి బగ్ పోయిందనుకోవడమే. లోపల చీము పట్టినా, టీబీ ఉన్నా నొప్పి తగ్గినట్టుంటుంది, రోగం మాత్రం పెరుగుతుంది. షుగరున్నవాళ్ళకి ఒక్క మోకాలి ఇంజక్షనుతోనే కొన్ని రోజులపాటు షుగరు పెరగొచ్చు. నెలల తరబడి పొడిపించుకుంటే ఒంట్లో కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మందగిస్తాయి. అప్పుడు హఠాత్తుగా ఆపేస్తే ప్రాణం మీదకి రావచ్చు. పెద్దాసుపత్రిలో "ఇంతకుముందు ఏం మందులు వాడారు?" అని అడిగితే మన జవాబేమిటి? "ఏవో ఇంజక్షన్లండీ."

"నీకేం బాబూ, అమెరికాలో కూర్చుని ఎన్నయినా చెప్తావు, మా ఊళ్ళో ఎంబీబీయస్ ఎక్కడ దొరుకుతాడు?" అంటారు. నిజమే. కానీ కాగితం మీద మందు పేరు రాయడానికి ఎంబీబీయస్ అక్కర్లేదు కదా!

ఇక్కడంతా సవ్యంగా ఉందనీ అనను. 2012లో మసాచుసెట్స్‌లోని ఒక కాంపౌండింగ్ ఫార్మసీ నుంచి బూజు పట్టిన మిథైల్ ప్రెడ్నిసలోన్ 23 రాష్ట్రాల్లో రోగులకి చేరింది. వెన్నులోనూ కీళ్ళలోనూ ఆ ఇంజక్షన్లు చేయించుకున్నవాళ్ళలో 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా పోయారు. అయితే ఒక్కటి గమనించండి. ఆ మందు పడే అవకాశమున్న సుమారు 14 వేల మందిని వెతికి పట్టుకుని హెచ్చరించగలిగారు. ఎలా? ఏ బ్యాచ్ మందు ఎక్కడికెళ్ళిందో, ఎవరికి పొడిచారో రాసి ఉంది కాబట్టి. అదే మన అరుగు మీద జరిగితే ఎవరిని వెతుకుతారు?

ఇండియా ప్రయాణం ముందు మోకాలికో షాట్ వేయించుకునే మనమూ తక్కువేం తినలేదు. 2017లో బోస్టన్‌ పరిశోధకులు మోకీళ్ళు అరిగిన 140 మంది మీద చేసిన ట్రయల్ చూడండి. కొందరికి 12 వారాలకోసారి 40 మిల్లీగ్రాముల ట్రయామ్సినలోన్, మిగతావాళ్ళకి వట్టి సెలైన్, రెండేళ్ళపాటు ఇచ్చారు. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కీలులోని మృదులాస్థి మాత్రం స్టెరాయిడ్ పడ్డవాళ్ళకే ఎక్కువ అరిగింది. ఎప్పుడో ఒకసారి వేయించుకుంటే ఊరట, అలవాటైతే నష్టం.

కాబట్టి ఎవరు పొడిచినా, ఏ దేశంలో పొడిచినా, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎక్కడ, ఏ తేదీన అన్నవి రాయించుకోవాలి. షుగరు, జ్వరం, రక్తం పలచబడే మందులు, అంతకుముందు పడ్డ ఇంజక్షన్లు ఉంటే ముందే చెప్పాలి. పొడిచిన చోట వాపు ఎక్కువై, వేడెక్కి, జ్వరమొస్తే "మందు పనిచేస్తోంది" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పేరు అడిగితే డాక్టరు గారు చిన్నబుచ్చుకుంటారని మన భయం. బజారులో వంకాయలు కొనేటప్పుడు పుచ్చులున్నాయేమోనని నాలుగుసార్లు తిప్పి చూస్తాం. ఒంట్లోకి ఎక్కించుకునే దాని పేరు ఒక్కసారి అడగడానికి మొహమాటమేమిటండీ?