ఇండికా అంటే ఏ మొక్క?

కాలిఫోర్నియాలో ఉండే మా ఫ్రెండుకి నిద్ర పట్టదు. రాత్రి పదింటికి ఇండియా కాల్స్, ఇంకెలా పడుతుంది! గంజాయి దుకాణానికి వెళ్తే "ఇండికా అయితే నిద్ర, సటైవా అయితే హుషారు" అని ఇండికా చేతిలో పెట్టారట. అది వేసుకుని తెల్లవార్లూ గుండె దడతో కూర్చున్నాడు. కామెంటు చూసి కోడ్ నమ్మొద్దని జూనియర్లకి క్లాసు పీకే మనిషి, లేబుల్ చూసి ఎలా నమ్మాడో!

అసలు ఆ పేరే ఒక గందరగోళం. 1753లో లిన్నేయస్ గంజాయి మొక్కకి సటైవా అని పేరు పెట్టాడు. 1785లో లామార్క్ మన దేశం నుంచి వెళ్ళిన మొక్కల్ని చూసి ఇది వేరే జాతి, ఇండికా అన్నాడు. అవి సన్నాకు మొక్కలు. 1974లో హార్వర్డ్‌కి చెందిన షుల్టెస్, అఫ్ఘానిస్తాన్‌లోని పొట్టి, వెడల్పాకు మొక్కల్ని ఇండికా ఖాతాలో వేశాడు. జనంలో ఆ అర్థమే నిలిచింది. మన సన్నాకు రకాల్నేమో ఇప్పుడు దుకాణాల్లో సటైవా అంటున్నారు. వేరియబుల్ పేరు అలాగే ఉంచి లోపల వాల్యూ మార్చేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

మొక్కల్లో తేడా లేదని కాదు. ఉంది, ముఖ్యంగా పూత విషయంలో. గంజాయి కూడా చామంతిలాగే రాత్రులు పొడుగైతే పూసే రకం. (బెంగుళూరు చుట్టుపక్కల చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించేది ఆ పూతని ఆపడానికే.) కాబూల్ దగ్గర ఎండాకాలంలో పగలు 14 గంటలు దాటుతుంది, ఆ తర్వాత చలి ముంచుకొస్తుంది. ఆలోపు గింజ కట్టకపోతే వంశం లేదు. అందుకే అక్కడి మొక్క పొట్టిగా ఉండి, పూత మొదలైన ఏడెనిమిది వారాల్లో పని ముగించుకుంటుంది. మన దక్షిణాదిలో ఆ తొందర లేదు. లంబసింగి లాంటి చోట్లు వదిలేస్తే మంచు భయమే లేదు. కాబట్టి తాపీగా ఎత్తు పెరిగి, మూడు నెలలు పూస్తుంది.

అంటే ఎత్తు, ఆకు, పూత ఇవన్నీ మొక్క పుట్టిన ఊరి సంగతులు. తాగినవాడి బుర్రకీ వాటికీ సంబంధమేంటి? పైగా ఇన్నేళ్ళ సంకరం తర్వాత ఆ ఊరైనా సరిగ్గా తెలీదు. 2015లో కెనడా శాస్త్రవేత్తలు జన్యువులు పోల్చి చూస్తే, నూటికి నూరు శాతం సటైవా అన్న జమైకా రకం ఒకటి, నూటికి నూరు శాతం ఇండికా అన్న అఫ్ఘాన్ రకంతో దాదాపు అచ్చుగుద్దినట్టు కలిసింది. 2021లో మరో పరిశోధనలో ఈ లేబుళ్ళు వాసననిచ్చే కొన్ని టెర్పీన్లతో మాత్రం కాస్త కలిశాయి. అంటే వాసన చూసి పేరు పెడుతున్నారన్నమాట.

నా ఉద్దేశంలో దడ పుట్టించేది టీహెచ్‌సీ మోతాదు, చూడాల్సింది అది. గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాడు అసలు ఆ గుమ్మమే ఎక్కకూడదు, రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

ఇదంతా వాడికి ఫోన్లో అరగంట చెప్పాను. అంతా విని, "ఆ రోజు ఇచ్చింది కల్తీ ఇండికా అయ్యుంటుందిరా" అన్నాడు.