వణికే గొంతుకు మైకు పెట్టకండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్రైస్తవ సంఘాలలో ఒక వచనం మహా చౌకగా చెలామణీ అవుతోంది. తిమోతికి పౌలు రాసిన రెండవ పత్రిక, మొదటి అధ్యాయం, ఏడవ వచనం. పిరికితనం దేవుడిచ్చిన ఆత్మ లక్షణం కాదన్నది దాని సారాంశం. నలుగురిలో నోరు పెగలని పిల్లవాడు కనబడితే చాలు, పెద్దలు ఆ వచనం తీసి వాడి నెత్తిన మొడతారు. దేవుడు ఇవ్వలేదు కనుక ఆ భయం సాతాను ఇచ్చినదే అయి ఉండాలట. ప్రార్థించినా పోలేదంటే విశ్వాసంలో లోపం ఉండాలట. రెండే రెండు అడుగుల్లో రోగి కాస్తా పాపి అయిపోతాడు. నా తగాదా ఈ తర్కంతోనే.

పెళ్ళిచూపుల నాటి సిగ్గు గురించో, పరీక్ష ముందరి గుండెదడ గురించో కాదు నేను మాట్లాడుతున్నది. బంతిలో కూర్చుని నలుగురి ఎదుట అన్నం కలపడానికి చెయ్యి వణికేవారున్నారు. దుకాణంలో చిల్లర తక్కువ వచ్చినా అడగలేక వెనుదిరిగేవారున్నారు. ఫోను మోగితే ఆగిపోయేదాకా దానికేసి చూస్తూ కూర్చునేవారున్నారు. అమెరికా మనోవైద్యుల గ్రంథం 1980లో దీనికి సోషల్ ఫోబియా అని పేరు పెట్టి జబ్బుల పట్టికలో చేర్చింది. 2013 నాటి అయిదవ కూర్పు దీన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అన్నది. పేరు ఏదైనా లోపల జరిగే తంతు ఒకటే. 1995లో క్లార్క్, వెల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు దాన్ని చక్కగా విడమరిచారు. అటువంటి మనిషి ఎదుటివారిని చూడడు. ఎదుటివారి కళ్ళలో తాను ఎలా కనబడుతున్నాడో ఊహించుకుని, ఆ ఊహాచిత్రాన్నే చూస్తూ ఉంటాడు. దాన్నుంచి తప్పించుకోవడానికి చివరి వరుసలో కూర్చుంటాడు, చూపులు దించుకుంటాడు, చెప్పబోయే వాక్యాన్ని పదిసార్లు లోలోపల వల్లించుకుంటాడు. ఇంటికి వెళ్ళాక రాత్రంతా ఆ సంఘటనను తిరగతోడుకుంటాడు.

ఇప్పుడీ మనిషిని మన ఇంటింటి ప్రార్థన కూడికలో కూర్చోబెట్టి చూడండి. చాప పరిచారు. బైబిళ్ళు తెరిచారు. అధ్యాయాన్ని తలకొక వచనం చొప్పున వరుసగా చదవాలి. అతనికి వాక్యం వినబడుతుందనుకుంటున్నారా? తనకు ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, తన వంతుకు ఏ వచనం వస్తుందో వేలు పెట్టి వెతుక్కుని, అందులో నాలుక తిరగని పేరేదైనా ఉందా అని చెమటలు కక్కుతుంటాడు. మధ్యలో ఎవరో ఆలస్యంగా వచ్చి కూర్చుంటే లెక్కంతా తారుమారు! ఆ గండం గడిచిందనుకునేలోగా పెద్దాయన కళ్ళు మూసుకునే "ఇప్పుడు మన చెల్లి ప్రార్థన చేస్తుంది" అంటారు. ఆదివారం సాక్ష్యాల సమయమైతే మైకు కూడా చేతికొస్తుంది.

పైగా ఆ ప్రార్థన ఏ తెలుగులో చెయ్యాలి? ఇది మన ఉత్తరాంధ్రకు మరీ పట్టిన పీడ. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నం చేరారు. వారిలో డెగ్రాంజెస్ అనే ఆయన ఆనందరాయరు సాయంతో సువార్తలను తెలిగించడానికి పూనుకున్నాడు. అది మొదలు మన సంఘాలలో దేవుడితో మాట్లాడే తెలుగు వేరు, మనుషులతో మాట్లాడే తెలుగు వేరు అయిపోయాయి. "చున్నాము", "యున్నది", "దయచేయుము" అంటే తప్ప అది ప్రార్థన కాదు. ఇంట్లో "ఏటి", "ఎల్లిపోనాది" అని పెరిగిన పిల్ల, తన యాసను సినిమాలు హాస్యగాళ్ళ నోట పెట్టి నవ్వించడం చూస్తూ పెరిగిన పిల్ల, విశాఖలోనో హైదరాబాదులోనో కాలేజీలో నోరు విప్పితే ఎవరు నవ్వుతారోనని హడలే పిల్ల, కనీసం దేవుడి సన్నిధిలోనైనా తన మాట తాను మాట్లాడగలదా అంటే అదీ లేదు! అక్కడ ఇంకో పరీక్ష. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఎక్కడో కాదు, ఈ శ్రీకాకుళం పక్కనే, 1863లో, పర్వతాలపేటలో. ఆయన బడికీ పుస్తకానికీ తెచ్చిపెట్టిన స్వేచ్ఛ మన ప్రార్థన చాపల దాకా నేటికీ రాలేదు.

ఇక 'విడుదల' సభల సంగతి. భయపు ఆత్మను వెళ్ళగొడతామని యువకుణ్ణి వేదిక మీదికి పిలుస్తారు. వందల మంది చూస్తుండగా తలమీద చేతులుంచి, లౌడ్‌స్పీకరులో కేకలు వేస్తారు. అతని జబ్బల్లా పదిమంది కళ్ళు తనమీద పడడం, దానికి మందు అయిదువందల కళ్ళు! కాలు విరిగినవాణ్ణి గంతులు వేయించడం వైద్యమని ఎవరూ అనరు. ఇతడు గంతు వేయకపోతే మాత్రం విశ్వాసం చాలలేదంటారు. నెమ్మదిగా, మెట్టుమెట్టుగా, తన ఇష్టంతో జనంలోకి అడుగుపెట్టడం అతనికి మేలు చేస్తుందని వైద్యులు చెప్పేమాట నిజమే. అందుకని మొదటి మెట్టుగా మిద్దె మీదినుంచి తోసెయ్యమని ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ వచనం దగ్గరికి వద్దాం. పెద్దలు తమ ఆయుధశాలలోనే ఉన్న ఇంకో కాగితాన్ని ఎందుకు చదవరో నాకు అంతుబట్టదు. అదే పౌలు, అదే తిమోతి గురించి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదహారవ అధ్యాయం చూడండి. తిమోతి మీ దగ్గరికి వస్తే అతడు భయం లేకుండా ఉండేలా మీరే చూసుకోవాలని సంఘానికి పురమాయిస్తాడు. అంటే భయపడే కుర్రవాడి బాధ్యత ఎవరిమీద పెట్టాడు? ఆ కుర్రవాడి విశ్వాసం మీద కాదు, చుట్టూ కూర్చున్నవారి మర్యాద మీద. ఇక ఆ తిమోతికే రాసిన మొదటి పత్రికలో, అతని కడుపు జబ్బుకూ తరచు బలహీనతలకూ ప్రార్థన చాలదా అనకుండా, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని చెబుతాడు. ఆనాటి మందు అది. తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని పౌలు తానే మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. పౌలుకు విశ్వాసం తక్కువని తీర్మానించగల పెద్దలెవరైనా ఉంటే చేతులెత్తండి.

ఇంతవరకు చదివి చంకలు గుద్దుకుంటున్న హేతువాద మిత్రులతో కూడా నాకు పేచీ ఉంది. ప్రార్థన అంటే గోడతో మాట్లాడుకోవడమేనని వీరి తీర్పు. సరే, కాసేపు అలాగే అనుకుందాం. రోజంతా ప్రతి మనిషీ తనను మార్కులు వేసే మాస్టారులా కనబడే వ్యక్తికి, మార్కులు వేయని ఒక్క శ్రోత దొరకడం మీకు చిన్న విషయంగా తోస్తోందా? మత్తయి ఆరవ అధ్యాయంలో యేసు, వీధి మూలల్లో నిలబడి నలుగురూ చూడాలని ప్రార్థించేవారిని ఎండగట్టి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమంటాడు. చూసే కళ్ళే జబ్బుగా మారిన మనిషికి ఆ మూసిన తలుపు ఎంత ఊరటో ఆలోచించండి. అక్కడ 'చున్నాము'లు అక్కర్లేదు. "నాయినా, రేపు పెళ్ళికెల్లాల. నాకు బయవేస్తంది. నువ్వూ నాతోటి రా" అంటే చాలు. తన భయాన్ని పైకి, తన గొంతుతో, తన యాసలో చెప్పుకున్నవాడు రేపు అదే మాట ఒక మనిషితో చెప్పడానికి ఒకసారి సాధన చేసినట్టే.

ఆపైన కీర్తన ఉంది. ఈ సీమ మనిషే, 1803 నుంచి 1890 దాకా జీవించిన పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు తెలుగు సంఘాలు ఇప్పటికీ పాడుకుంటాయి. పల్లవి అందరిదీ. నలభై గొంతుల్లో మన గొంతు ఒకటి; వణికినా ఎవరికీ తెలియదు, ఆగినా పాట ఆగదు. ఒంటరిగా రెండు మాటలు చెప్పలేనివారు అయిదు చరణాలు పాడేసి తేలికపడి ఇంటికి వెళ్ళడం నేనెరుగుదును. మైకు లాక్కుని ఈ పాటను కూడా పోటీగా మార్చేవారికి ఒక దండం.

అయితే ప్రార్థన కూడా దాక్కునే మూల కాగలదు. పెళ్ళి పిలుపు వస్తే ఉపవాసమని, ఉద్యోగపు ఇంటర్వ్యూ వస్తే దేవుని చిత్తం కాదని తలుపు వేసుకునేవారిని పెద్దలు భక్తిపరులని మెచ్చుకుంటారు. ఆ మెప్పు విషం. ప్రార్థన ముగిశాక తలుపు తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ఈ జబ్బుకు మాటలతో చేసే చికిత్స ఉంది, మందులున్నాయి. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పోవచ్చు, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం టెలీ మానస్ అనే ఉచిత ఫోను సేవను కూడా మొదలుపెట్టింది.

ఫోనంటేనే వణికేవారికి ఫోను సేవా అని మీరు నవ్వవచ్చు. నిర్గమకాండం నాలుగవ అధ్యాయంలో మోషే తాను మాటకారిని కానని మొరాయిస్తే, దేవుడు కోపగించుకున్నాడు గాని, చివరికి తోడుగా అన్న ఆరోనును ఇచ్చాడు. సంఘ పెద్దలు చేయగలిగిన పని అదే. ఆ పిల్లవాడి పక్కన కూర్చుని, ఇష్టమేనా అని అడిగి, నంబరు మీరే నొక్కండి. 14416. తెలుగులోనే మాట్లాడతారు. మొదటి రెండు ముక్కలు మీరు చెప్పి ఫోను అతనికివ్వండి.