రేర్ ఎర్త్ మాగ్నెట్లు: ఇసుక మన దగ్గరే ఉంది.. మరి చైనా వైపు చూపెందుకు? అసలు మెలిక ఇదే!

ఎలక్ట్రిక్ కార్లు, స్కూటర్ల మోటార్లలో ఉండే చిన్న అయస్కాంతాలు.. ఇప్పుడు ఆటో కంపెనీలకు పెద్ద తలనొప్పిగా మారాయి. 2025 ఏప్రిల్ 4న చైనా 7 రకాల రేర్ ఎర్త్ మూలకాలు, వాటితో చేసే మాగ్నెట్ల ఎగుమతికి లైసెన్స్ తప్పనిసరి చేసింది. అంతే.. మన కంపెనీలకు సరఫరా టెన్షన్ మొదలైంది.

మరి మనకు రేర్ ఎర్త్ లేవా? ఉన్నాయి. భీమునిపట్నం సహా మన తీరం ఇసుకలో మోనజైట్ ఉంది. అందులో నియోడిమియం కూడా ఉంది. ఇక్కడే అసలు ట్విస్ట్. చైనా ఆంక్షలు పెట్టిన ఆ 7 మూలకాల్లో నియోడిమియం లేనే లేదు!

వేడే అసలు విలన్

నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసే మాగ్నెట్‌కు బలం ఎక్కువే. కానీ వేడికి తట్టుకోలేదు. సాధారణ రకమైతే 80 డిగ్రీలు దాటాక పట్టు సడలుతుంది. 310 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణమే పోతుంది. కారు మోటార్ లోపల వేడి 150 డిగ్రీల దాకా వెళ్లొచ్చు. అక్కడా పట్టు నిలవాలంటే డిస్ప్రోసియం లేదా టెర్బియం కొద్దిగా కలపాలి. చైనా జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. మన మోనజైట్‌లో మాత్రం ఇవి తీయదగ్గ స్థాయిలో లేవు.

విశాఖ ప్లాంట్ ఉందిగా?

2023 మే 11న ప్రధాని మోదీ జాతికి అంకితం చేసిన విశాఖ ప్లాంట్‌లో తయారయ్యేది వేరే రకం.. సమారియం-కోబాల్ట్. ఇది 300 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. అయితే ఏడాదికి 3,000 కిలోలే దాని సామర్థ్యం. అది కూడా రక్షణ, అంతరిక్ష, అణు రంగాల అవసరాల కోసం. పైగా కోబాల్ట్ ఖరీదైన సరుకు.

కేంద్రం 2025 నవంబర్ 26న రూ.7,280 కోట్ల మాగ్నెట్ల పథకానికి ఓకే చెప్పింది. టార్గెట్ ఏడాదికి 6,000 టన్నులు. ఫ్యాక్టరీలు వస్తాయి సరే.. డిస్ప్రోసియం ఎక్కడి నుంచి?

దారులు లేకపోలేదు. డిస్ప్రోసియాన్ని మిశ్రమం అంతటా కలపకుండా మాగ్నెట్‌కు పూతలా పూసి, వేడి చేసి, లోపలి రేణువుల అంచులకు మాత్రమే చేర్చే పద్ధతి ఉంది. దీంతో వాడకం బాగా తగ్గుతుంది. పాత మోటార్ల నుంచి తిరిగి తీయడం మరో దారి. చవకైన ఫెర్రైట్ మాగ్నెట్లూ ఉన్నాయి.. కాకపోతే మోటార్ సైజు పెరుగుతుంది.

అందుకే ఈ పథకాన్ని టన్నుల్లోనే లెక్కేస్తే చాలదు. అందులో 150 డిగ్రీల వేడికి నిలిచేవి ఎన్ని? వాటిలో కలిపే డిస్ప్రోసియం ఎవరిది? కొత్త ప్లాంట్లు తేల్చాల్సింది ఇదే.