బ్రతుకు కూలి

మనుష్యుడు మనుష్యునివలె బ్రతుకుటకు నెలకెంత కావలయును? ఈ ప్రశ్నకు సమాధానము తెలియక మన ప్రభుత్వములు తికమకపడుచున్నవని కొందఱు తలంతురు. అది నిజము కాదు. ఆ సమాధానమును మన పెద్దలు నూటయేబది యేండ్లనాడే వెదకిరి. దాదాపు డెబ్బది యేండ్ల క్రిందట దానిని లెక్కతో సహా వ్రాసిరి. దేశపు ఉన్నత న్యాయపీఠము దానిని ఆమోదించెను. కొఱతయెల్ల ఆ లెక్కను జీతపు పుస్తకములోనికి ఎక్కించుటలోనే యున్నది.

మా మాట గాలిమాట కాకుండుటకు నగరమధ్యముననున్న గన్‌ఫౌండ్రీనే తీసికొందము. ఫ్రెంచి సేనాని రేమండు 1786 ప్రాంతమున నిచ్చట నిజాముకొఱకు ఫిరంగులు పోయించెను. జనులు దానిని తోప్‌ కా సాంచా యని పిలిచిరి. 1942 ఏప్రిలు 5వ తేదీన హైదరాబాదు స్టేటు బ్యాంకు తన మొదటి శాఖను ఇచ్చటనే తెఱచెను. ఆ బ్యాంకు 2017లో భారతీయ స్టేటు బ్యాంకులో కలిసిపోయెను. ఒకప్పుడు ఫిరంగులకును, తరువాత రూపాయలకును పేరుపడిన ఈ తావునకు ఒక ప్రక్క ఆబిడ్సు అంగళ్లు, మఱియొక ప్రక్క నాంపల్లి రైలుస్టేషను. తెల్లవాఱక మునుపే వీథులూడ్చు స్త్రీలు, పగలంతయు నిలువుకాళ్లపై బట్టలు విప్పి చూపు అంగడి గుమాస్తాలు, హోటళ్ల వంటయిండ్లలో గిన్నెలు తోము పనివారు, రాత్రియెల్ల భవనముల గుమ్మములకడ మేలుకొని కూర్చుండు కావలివారు, వీరు లేనిదే ఈ బజారు ఒక్క దినమైన సాగదు. వీరిలో పలువురు పని ముగిసినపిమ్మట ఈ పేటలో తలదాచుకొనజాలరు. ఇచ్చటి యింటియద్దె వారి కందదు.

ఇదే పేటలో కొలువు చేయు బ్యాంకు గుమాస్తా సంగతి చూడుడు. 1953 నాటి శాస్త్రి అవార్డు, 1962 నాటి దేశాయి అవార్డు మొదలుకొని సంఘబలముచే సాధించుకొన్న ఏర్పాట్లవలన అతని జీతమునకు కఱవుభత్యము జతపడినది. ధరలు కదలినకొలది మూడుమాసముల కొకమాఱు అది సవరింపబడును. మూలజీతమును కొన్నియేండ్ల కొకసారి క్రొత్తగా నిర్ణయింపబడును. దీనిని చూచి మేము కన్ను కుట్టుకొనుట లేదు. ఇట్లే అందఱికి జరుగవలెనని కోరుచున్నాము. కంట్రాక్టరు క్రింద గుమ్మముకడ నిలుచు కావలివాని కనీస వేతనమునకును ఆఱుమాసముల కొకమాఱు కఱవుభత్యము చేర్చు పద్ధతి మన రాష్ట్రమున నున్నదే. కాని ఆ మూలవేతనమును నిర్ణయించి యెన్నియేండ్లైనదో అడుగువారు తక్కువ. కఱవుభత్యము పాతకొలబద్దను ధరలతోపాటు సాగదీయునే గాని, ఆ కొలబద్దయే పొట్టిదైనచో దానిని సరిచేయజాలదు.

1948 నాటి కనీస వేతనముల చట్టము, ఐదేండ్లకు మించకుండ వేతనములను సమీక్షింపవలెనని ప్రభుత్వముల నాజ్ఞాపించెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. 2021లో ఐదు రంగములవారికి క్రొత్త వేతనములు నిర్ణయించుచు ఉత్తర్వులు వెలువడినవి. కాని చట్టము కోరినట్లు అవి గెజెటులో అచ్చుపడలేదు. అందుచే అమలునకు రాలేదు. కాగితము వెలువడినది, కాసు వెలువడలేదు. అచ్చుయంత్రములు మూలబడియుండుటచేత ఇట్లు జరిగినదని ఎవ్వరును నమ్మరు.

ఈ కొలబద్ద కథ దాదాభాయి నౌరోజీతో మొదలైనది. 1876లో ఆయన భారతదేశ దారిద్ర్యమునుగూర్చి లెక్కలు కట్టునప్పుడు, ప్రాణము నిలుపుకొనుటకు ఎంత కావలెనో తెలియుటకై చెఱసాలలో ఖైదీకి పెట్టు తిండి, ఇచ్చు బట్టల వ్యయమును ఆధారముగ గైకొనెను. ఆ వ్యయము ప్రాంతమునుబట్టి తలకు ఏటికి 16 మొదలు 35 రూపాయలవఱకు తేలెను. దేశజనుల సగటు ఆదాయమో, ఆయన లెక్కలో 20 రూపాయలే. పెక్కుచోట్ల నేరము చేసినవానికి దొరకు కూడు నేరమెఱుగనివానికి దొరకుట లేదని లోకమునకు తెలిసెను.

ఐనను చెఱసాల కూడు ప్రాణముకొఱకు, బ్రతుకుకొఱకు కాదు. ఖైదీకి బిడ్డల చదువు చింత లేదు, ఇంటియద్దె లేదు, చుట్టమువచ్చిన పెట్టవలసిన పని లేదు. సంసారికి ఇవి యన్నియు నున్నవి. అందుచేతనే స్వాతంత్ర్యోద్యమము ప్రాణముతో తృప్తిపడక బ్రతుకును కోరెను. 1931లో కరాచీ కాంగ్రెసు, స్వరాజ్యమున పరిశ్రమలలోని పనివారికి జీవన వేతనము ఉండవలెనని తీర్మానించెను. 1935లో అఖిలభారత చరఖా సంఘము ఒక అడుగు ముందుకు వేసి ఆ నియమమును తనకే అన్వయించుకొనెను. పల్లెలలో నూలు వడకు స్త్రీలకు అందినంత యిచ్చుట కాదు, వారి తిండికి బట్టకు ఎంత కావలెనో లెక్కించి కూలి నిర్ణయింపవలె ననెను. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఈయవలెనని గాంధీజీ తలంపు. అంత సాధ్యము కాక మూడణాలతో ఆరంభించిరి. ఖద్దరు వెల పెరుగునని పలువురు భయపడిరి. వెల పెరిగినది. ఐనను ఖద్దరు చావలేదు. దేశభక్తిపేర చవుక బట్ట కట్టుట న్యాయము కాదని ఆనాటి కొనుగోలుదారులు నేర్చుకొనిరి.

స్వరాజ్యము వచ్చినపిమ్మట న్యాయవేతనముల కమిటీ మూడు మెట్లు చూపెను: అడుగున కనీస వేతనము, నడుమ న్యాయవేతనము, పైన జీవన వేతనము. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 43వ అధికరణమున జీవన వేతనమునే రాజ్యమునకు గమ్యముగ నిలిపెను. 1957లో ప్రభుత్వము, యజమానులు, కార్మికులు మువ్వురును కూర్చుండిన భారత కార్మికసభ పదునైదవ సమావేశము, కనీస వేతనమునకే ఒక స్పష్టమైన లెక్క వ్రాసెను. సంపాదించువాడొకడు, ఇల్లాలు, ఇరువురు బిడ్డలు. తిండి విషయమున ఈ నలుగురు మూడు పూర్ణభాగములుగ లెక్క. పెద్దవానికి దినమునకు 2700 క్యాలరీల ఆహారము. కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట. ప్రభుత్వ గృహవసతి పథకముననుసరించి యద్దె. వంటచెఱకు, దీపము మొదలగు వానికి మొత్తములో నూటికి 20 వంతులు. 1991లో సుప్రీముకోర్టు, బిడ్డల చదువు, వైద్యము, పండుగపబ్బములు, పెండ్లిండ్లు, ముసలితనము, వీనికై నూటికి మఱి 25 వంతులు చేర్చవలెనని తీర్పు చెప్పెను.

ఈ లెక్కలోని తిండికొలత డాక్టరు అయ్‌క్రాయిడుది. ఆయన కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకు అధిపతిగా నుండెను. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థయై వెలయుచున్నది. అనగా, బడుగువాని కంచములో ఎంత అన్నము, ఎంత పప్పు, ఎన్ని పాలు ఉండవలెనో కొలిచి చెప్పు శాస్త్రము దూరదేశమున లేదు. మన యూరనే యున్నది. శాస్త్రము తార్నాకలో నున్నది, ఆకలి గన్‌ఫౌండ్రీలో నున్నది. నడుమ దూరము కొన్ని మైళ్లే. ఆ దూరమును దాటుటకు పాలకులకు ఇన్ని యేండ్లు చాలలేదు.

ఇటీవలి అంకెలు చూతము. కేంద్ర ప్రభుత్వము నియమించిన సత్పతి కమిటీ 2019లో నివేదిక యిచ్చెను. అది పెద్దవాని తిండిని 2700 క్యాలరీలనుండి 2400 క్యాలరీలకు తగ్గించెను. కుటుంబమును మాత్రము మూడు భాగములకు మాఱుగ 3.6 భాగములుగ లెక్కించెను. ఇట్లు లెక్కించినను 2018 జూలై ధరలలో దినమునకు 375 రూపాయలు, నెలకు 26 పనిదినములకు 9,750 రూపాయలు తేలెను. అదే 2019లో ప్రభుత్వము జాతీయ కనీస వేతనముగ ప్రకటించినది దినమునకు 178 రూపాయలు! నెలకు 4,628. తాను నియమించిన నిపుణులు చెప్పిన మొత్తములో సగమైన లేదు. అంతకుమునుపున్న 176 రూపాయలకు రెండు రూపాయలు చేర్చి చేయి కడుగుకొనిరి. అర్ధాకలి అనుమాట మనము వాడుకగ అందుము. ఇచ్చట ఆ మాట అక్షరాల లెక్కయైనది.

నగరములలోని పనివారికి యింటియద్దెకై నెలకు 1,430 రూపాయలు అదనముగ నీయవలెననియు ఆ కమిటీ సూచించెను. 1,430 రూపాయలకు ఈ పేట చుట్టుపట్టుల ఏ గది దొరకునో, దానికి తలుపులుండునో లేదో, పాఠకులే చెప్పగలరు. నగరపు పనివానిని మింగునది బియ్యపు ధర కంటె యద్దె. యద్దె తప్పించుకొనుటకు దూరముపోయిన బస్సుఖర్చు, పోవురాకల గంటలు అతనిని మింగును.

ఇచ్చట కొందఱు మిత్రులు అడ్డు చెప్పుదురు. “ప్రభుత్వము చవుకబియ్యము నిచ్చుచున్నదికదా, ఇంక జీతము పెంచనేల?” అందురు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము మొదలుకొని, 2025లో తెలంగాణమున తెల్లకార్డులవారికి సన్నబియ్యమువఱకు, ఇట్టి పథకములు లక్షల కుటుంబములకు మేలు చేసినవి. కూరగాయలబండి త్రోయువానికి, చెప్పులు కుట్టువానికి జీతమిచ్చు యజమానుడు లేడు. అట్టివారికి ఇవియే ఆధారము. కాని యజమానుడున్నచోట ప్రజల పన్నుతో వచ్చిన బియ్యమును జీతమునుండి తగ్గించి లెక్కించుట యనగా, ధర్మము పేదవానికని చెప్పి లాభము ధనికునికి పంచుటయే.

మఱికొందఱు “ఇంత యిచ్చుకొన్నచో అంగళ్లు మూతపడును” అందురు. చిన్న అంగడివాని కష్టము మే మెఱుగుదుము. అతని గల్లాపెట్టెయు నిండుగ నుండదు. అతనికి చవుకగ అప్పు, తక్కువ యద్దె కల్పించుట ప్రభుత్వముపని. ఐనను కనీస వేతనమైన నీయలేని పరిశ్రమకు నిలుచు హక్కు లేదని సుప్రీముకోర్టు 1950ల నాడే తేల్చి చెప్పెను. పనివాని యాకలిపై నడచు వ్యాపారము వ్యాపారము కాదు, పనివాడిచ్చు అప్పు. ఆ అప్పు ఏనాటికిని తీఱదు. పైగా పనివాడు తనకు దొరకిన రూపాయను దాచుకొనడు. అది సాయంకాలమునకే కిరాణాకొట్టునకు, బట్టలయంగడికి, బడి ఫీజునకు చేరును. పేదవాని జీతము ఈ బజారుకే తిరిగివచ్చు మూలధనము.

తెలంగాణమువారికి ఈ విషయము వేఱుగ బోధింపనక్కఱలేదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఈ నగరమున వెలసినపిమ్మట, చదువుకొన్నవారు గుమిగూడి ఎత్తిన సమస్యలలో వెట్టి యొకటి. కూలి లేక చేయించుపని పాపమని ఆంధ్రమహాసభ వేదికలనుండి ఎలుగెత్తి చాటిరి. 1982లో ఆసియా క్రీడల నిర్మాణపు పనివారి వ్యాజ్యెమున సుప్రీముకోర్టు, కనీస వేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొను పనియు రాజ్యాంగము నిషేధించిన బలవంతపు చాకిరియేయని తీర్పు చెప్పెను. ఆ మాటకు మన తెలుగుపేరు వెట్టి. దొరగడిలో జరిగిననేమి, అద్దముల భవనములో జరిగిననేమి, వెట్టి వెట్టియే.

2019 నాటి వేతనముల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము కేంద్రము ఒక అడుగు వేతనమును నిర్ణయింపవలెను. ఏ రాష్ట్రమును దానికి దిగువకు పోరాదు. మంచిమాట. కాని అడుగు ఎంత ఎత్తున నుండవలెనన్నదే అసలు మాట. అది 1957 నాటి లెక్కమీద, 1991 నాటి తీర్పుతో కలిపి నిలువవలెను. యద్దెను కాగితపు సరాసరితో గాక, నగరమున నిజముగ నిచ్చు యద్దెతో లెక్కింపవలెను. తెలంగాణ ప్రభుత్వము నిర్ణయించిన వేతనములు గెజెటులో అచ్చుపడి, చెప్పిన దినమున అమలునకు రావలెను. కంట్రాక్టరు పేరు చాటున అసలు యజమానుడు దాగుకొనరాదు.

ప్రభుత్వమును అడిగినంతమాత్రాన మన పని ముగియదు. ఈ పత్రికను పఠనాలయమున చదువు పెద్దమనుష్యులలో ననేకులు స్వయముగ యజమానులే. ఇంట పాత్రలు తోమునామె యున్నది. వాకిట కావలివా డున్నాడు. అంగటిలో గుమాస్తా యున్నాడు. ఈ సాయంకాలము ఇంటికి పోయి కాగితము కలము తీసికొని ఒక లెక్క వేయుడు. నలుగురికి బియ్యము, పప్పు, నూనె, పాలు, యద్దె, గ్యాసు, బస్సు, బడి, మందులు. మొత్తము వేసి, దాని ప్రక్కను మీరిచ్చు జీతము వ్రాయుడు. ఆమె నాలుగిండ్లలో పనిచేయునచో మీ వంతు నాల్గవభాగమే. అంతమాత్రమైనను సరిపోవుచున్నదేమో చూడుడు. రెండంకెల నడుమ వ్యత్యాసమున్నచో, ఆ మొత్తము ఎవరి కంచమునుండి పోవుచున్నదో మేము చెప్పనక్కఱలేదు.