దేవదాసు - పుస్తకంలోనూ, తెరమీదా

దేవదాసు నవల గొప్పదా, సినిమా గొప్పదా అని మా నెల్లికుదురులో చదువుకునే పిల్లలు నన్నడిగారు. చిక్కు ప్రశ్నే!

1953లో వచ్చిన వినోదావారి చిత్రం చూసినవాళ్ళకు దేవదాసంటే నాగేశ్వరరావు, పార్వతంటే సావిత్రి. ఘంటసాల గొంతు, సుబ్బరామన్ బాణీలు సరేసరి. పాపం, సుబ్బరామన్ 1952లోనే కన్నుమూశారు, విడుదల చూడలేదు. ఆ పాటల్లోని దుఃఖం అచ్చక్షరాల్లో వినబడదు. ఒప్పుకుంటాను.

అయితే ఒక్కసారి శరత్‌బాబు నవల తీయండి. కుర్రతనంలో రాసుకున్నది, 1917లో అచ్చయింది. అందులో పెళ్ళిమాట వచ్చేనాటికి పార్వతికి నిండా 13 ఏళ్ళు! ఆమెను కట్టబెట్టింది నలభై ఏళ్ళకు చేరువైన, పిల్లలున్న రెండోపెళ్ళి జమీందారుకు. ఆడపిల్లకు 14 ఏళ్ళన్నా నిండాలన్న శారదా చట్టం 1929లో గాని రాలేదు. అది 18 అయ్యేసరికి 1978 వచ్చింది.

సినిమానాటికి నాగేశ్వరరావుకు 28 ఏళ్ళు. తెరమీద ఎదిగిన ప్రేమికులు విడిపోతారు, మనం దేవదాసు కోసం ఏడుస్తాం. పుస్తకంలోనో? ఒక చిన్నపిల్ల నడిరేయి ఒంటరిగా అతని గదికి వెళ్ళి, తనను కాదనవద్దని వేడుకుంటుంది. ఊరు ఏమంటుందోనని భయపడింది ఆమె కాదు, అతను! తాగుడు తరువాతి మాట. అతను ఓడింది ఆ రాత్రే.

ఏడవడానికి సినిమా చాలు. ఎవరికోసం ఏడవాలో తెలియాలంటే మాత్రం నవల చదవాలి. ఏమంటారు?