ప్రభువుకే లెక్క చెబుతామనేవాళ్లు

"నేను ప్రభువుకే లెక్క చెప్పుకుంటాను, మనుషులకు కాదు." మన సంఘాల్లో ఇంత భక్తిగా వినిపించే మాట ఇంకోటి లేదు. ఇంత నష్టం చేసిన మాటా లేదు. పైకప్పు రేకుల కోసం వసూలు చేసిన డబ్బు ఏమైందనో, చర్చి స్థలంలో కట్టిన దుకాణాల అద్దె ఎవరి చేతికి పోతోందనో ఎవరైనా అడిగారా, ఈ మాట వచ్చి పడుతుంది. రాయగడలో తెలుగులో విన్నాను, కోరాపుట్‌లో ఒడియాలో విన్నాను, సాలూరులో మళ్లీ తెలుగులో విన్నాను. అడిగింది ఆడమనిషైతే దానికో తోక కూడా తగులుతుంది: "నీకెందుకమ్మా ఈ లెక్కలు, ప్రార్థన చేసుకో."

నేను నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని. పుట్టిల్లు పార్వతీపురం వైపు, ఉద్యోగమంతా రాయగడ జిల్లాలోనే. ఇప్పుడు మా స్త్రీల సమాజం పుస్తకం రాస్తుంటాను. పిడికెడు బియ్యం కానుక గురించి సంఘంలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా చర్చికి వస్తుంది. కొండ మీది ఊళ్లవాళ్లు బియ్యం బదులు చోళ్లు తెస్తారు. అవన్నీ కొలిచి, అమ్మి, వచ్చిన సొమ్ము పుస్తకంలో ఎక్కిస్తాం. ఈ బియ్యం మిగిలితే ఇచ్చినవి కావు. ఆ పూట తన కంచంలో తగ్గించుకుని ఇచ్చినవి. అందుకే ఎవరైనా "అంతా ప్రభువుదేనమ్మా" అంటూ ఆ పుస్తకం మూసెయ్యబోతే నాకు ఒళ్లు మండుతుంది.

ఆసుపత్రిలో మార్ఫిన్, పెథిడిన్ లాంటి మందులకు విడిగా ఒక రిజిస్టరు, తాళం వేసిన బీరువా ఉంటాయి. డ్యూటీ మారేటప్పుడు వెళ్లే నర్సూ వచ్చే నర్సూ కలిసి ఆంప్యూళ్లు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఎంత సీనియర్ సిస్టరైనా "నన్ను అనుమానిస్తున్నావా" అనదు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల "సిస్టర్, ఒకటి తగ్గింది" అంటే మళ్లీ లెక్కపెడుతుంది, అంతే. ఆ లెక్క ఎవరినీ దొంగ అనడం లేదు. మంచం మీద నొప్పితో ఉన్న మనిషికి అందాల్సిన మందు అందిందా అనే అడుగుతోంది. పేదల కానుకకు ఈపాటి మర్యాద దక్కకూడదా?

దీనికి లేఖనం చూపించమంటారు. చూపిద్దాం. యెరూషలేములో బీదవాళ్ల కోసం పౌలు మాసిదోనియ, అకయ సంఘాల్లో చందా పోగుచేశాడు. అపొస్తలుడు. దర్శనం చూసినవాడు. ఆ డబ్బు ఒంటరిగా మోసుకెళ్తే అడ్డు చెప్పే నాథుడు లేడు. అయినా తీతును, సంఘాలే ఎన్నుకున్న ఒక సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తమ మీద నింద వెయ్యకుండా ఆ ఏర్పాటు చేశామనీ, ప్రభువు ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా యోగ్యంగా ఉండాలన్నదే తమ ఉద్దేశమనీ కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో తనే వివరించాడు. ప్రభువుకే చెబుతాను అనే హక్కు ఎవరికైనా ఉంటే ముందు పౌలుకే ఉండాలి. ఆయన వద్దనుకున్న హక్కు మన సెక్రటరీగారికి ఎక్కడిది?

ఇంకో వాక్యం కూడా తెగ వాడతారు, అభిషేకించబడినవారిని ముట్టకూడదని. 105వ కీర్తనలో ఉన్న మాటే. కాకపోతే ఆ పై నాలుగు వచనాలు కూడా చదవండి. అక్కడ అభిషిక్తులంటే పీఠం మీద కూర్చున్నవాళ్లు కారు. లెక్కకు కొద్దిమంది, సొంత భూమి లేనివాళ్లు, దేశం నుంచి దేశానికి తిరుగుతున్న అబ్రాహాము కుటుంబం వాళ్లు. దేవుడు గద్దించింది రాజులను. ఆ దిక్కులేనివాళ్ల జోలికి పోవద్దని అధికారం ఉన్నవాళ్లకు చెప్పిన మాటను తిప్పి, అధికారంలో ఉన్నవాళ్లకే డాలుగా కట్టిపెట్టాం.

ఈ కొండల్లో సువార్త చరిత్ర తెలిసినవాళ్లకు ఇది మరీ వింతగా ఉండాలి. జర్మనీ ఉత్తర కొసన బ్రెక్లుమ్ అనే పల్లెలో క్రిస్టియన్ యెన్‌సెన్ అనే పాస్టరు 1876లో మొదలుపెట్టిన మిషన్ నుంచి ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్మన్ 1882లో ఈ దేశం వచ్చారు. కోరాపుట్ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖ జిల్లా ఏజెన్సీలో, జయపురం రాజుల జమీలో ఉండేది. అందుకే ఈ సంఘం తొలినాళ్ల నుంచీ ఒడియా, తెలుగు రెండూ పలికింది. ఇటు కోరాపుట్, జయపురం, కోట్‌పాడ్, అటు సాలూరు, పార్వతీపురం. 1914లో యుద్ధం వచ్చింది. జర్మన్ మిషనరీలను శత్రుదేశస్థులన్నారు, నిర్బంధించారు, ఆ తర్వాత ఓడ ఎక్కించి పంపేశారు. మన గుంటూరు, రాజమండ్రి వైపు పనిచేసే అమెరికన్ లూథరన్లు కొంత ఆసరా ఇచ్చారు గానీ, ఘాట్‌రోడ్ల మీద ఊరూరా వచ్చి చూసేవాళ్లెవరు? ఊళ్లలో ఉపదేశులూ పెద్దలూ నడిపించారు. వాళ్లకు ముద్ర లేదు, జీపు లేదు, చాలామందికి సరైన జీతమూ లేదు. సంఘం చెదిరిపోలేదు. 1928లో జయపురం ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా రూపుకట్టింది. పెత్తనం చేసేవాళ్లు లేని రోజుల్లో క్రీస్తు అధికారం ఇక్కడ చక్కగానే నడిచిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఆ జర్మనీలోనే ఇంకొన్నేళ్లకు సంఘంలో అధికారం ఎవరిదన్న ఇదే ప్రశ్న నెత్తుటి మడుగులో లేచింది. హిట్లరు మనుషులు చర్చి పీఠాలు పట్టుకుంటున్న రోజుల్లో, 1934 మే నెలాఖరున బార్మెన్ అనే చోట కొన్ని సంఘాలు సమావేశమై ఒక ప్రకటన చేశాయి. చాలావరకు వేదాంత పండితుడు కార్ల్ బార్త్ రాసింది. క్రీస్తు తప్ప సంఘానికి ఇంకో నాయకుడు లేడన్నది అందులో అందరికీ గుర్తుండే సంగతి. నాకు ఎక్కువ పనికొచ్చేది నాలుగో అంశం. సంఘంలో వేరువేరు పదవులున్నది ఒకరి మీద ఒకరు పెత్తనం చెయ్యడానికి కాదనీ, సేవ అనేది మొత్తం సంఘానికి అప్పజెప్పిన పని అనీ దాని సారం. యేసు మత్తయి 20లో చెప్పింది కూడా ఇదే. అన్యజనుల పాలకులు అధికారం చలాయిస్తారు, మీలో అలా ఉండకూడదన్నాడు. ఆ మాట మనం పాస్టరు ఇన్‌స్టలేషన్ రోజున చదువుతాం. చదివాక దండలు వేస్తాం, శాలువాలు కప్పుతాం, కుర్చీల వరసల దగ్గర కొట్టుకుంటాం.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. విదేశీ విరాళాలు తీసుకునే ప్రతి సంస్థా 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద ఏటా ఎఫ్‌సీ-4 అనే పత్రంలో లెక్కలు సమర్పించాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలో ఖాతా తెరిచి తీసుకోవాలి. ఒక్క రోజు ఆలస్యమైతే మన కార్యాలయాలకు నిద్రపట్టదు. ఆడిటరు ఇంటికి రాత్రిళ్లు ఫోన్లు వెళ్తాయి. కైసరు అడిగితే పైసాతో సహా చూపిస్తున్నాం. క్రీస్తు శరీరమని మనమే పిలుచుకునే సంఘం అడిగితే మాత్రం విశ్వాసం లేనివాళ్లంటున్నాం. ఈ రెండిట్లో మనం ఎవరి అధికారానికి భయపడుతున్నట్టు?

అడిగేవాళ్లు ఎవరన్నది కూడా ముఖ్యమే. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ పంపిణీలో అన్యాయం జరుగుతోందని సణుగుడు బయల్దేరింది. పేదవాళ్లు, ఆడవాళ్లు, పైగా వేరే భాషవాళ్లు. అపొస్తలులు వాళ్లను గద్దించలేదు. మొత్తం శిష్యులను పిలిచి, ఏడుగురిని మీరే ఎన్నుకోండన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నష్టపోయినవాళ్ల వైపు నుంచే గిన్నె పట్టుకునేవాళ్లు వచ్చారన్నమాట. మా దగ్గర సంఘంలో డొంబులున్నారు, పరజలున్నారు, కోంధులున్నారు, పట్నంలో మాలాంటి తెలుగువాళ్లున్నారు. కమిటీ ఎన్నికలొస్తే బైబిలు పక్కకు పోయి ఈ జాబితా ముందుకొస్తుంది. ఎవరి మనిషి గెలిచాడన్నదే చూస్తారు గానీ గిన్నె ఎవరికి ఖాళీగా ఉందో చూడరు.

దీని వెనక ఒక చట్టపు ముడి కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. కోంధు, పరజ లాంటి గిరిజనులకు మతంతో నిమిత్తం లేకుండా తెగ హోదా ఉంటుంది. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరికి రెండు న్యాయాలు. పిల్లల స్కాలర్‌షిప్పు పోతుందని దళితులైన డొంబు కుటుంబాలు సంఘం రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి జంకుతాయి. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ రిజిస్టరులో పేరు లేనివాడికి సంఘం ఎన్నికల్లో ఓటు ఉండదు, లెక్క అడిగే నోరూ ఉండదు. కానుక మాత్రం తీసుకుంటాం. అతని భయం కొందరికి బాగా కలిసొచ్చింది. ఈ మాట ఇంకాస్త గట్టిగా అనాల్సినవాళ్లు అనడం లేదు.

సభలో నోరు విప్పడం చదువురాని వాళ్లకు చేతకాదని నాతో వాదించకండి. మా జిల్లా సంగతే చూడండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నియమగిరిలో బాక్సైట్ తవ్వకం విషయం గ్రామసభలకే వదిలింది. ఆ జులై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లు న్యాయాధికారి సమక్షంలో సభ పెట్టుకున్నాయి. సంతకం పెట్టడం రాని డొంగ్రియా కోంధు ఆడవాళ్లు లేచి నిలబడి తమ మాట చెప్పారు. పన్నెండుకు పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. తవ్వకానికొచ్చిన అంత పెద్ద కంపెనీ ముందు నోరు విప్పినవాళ్ల పక్క ఊళ్లలోనే, చర్చి జనరల్ బాడీలో ఒక్క ప్రశ్న వెయ్యడానికి వణికే క్రైస్తవులున్నారు. వాళ్లకు వణుకు నేర్పింది మనమే.

"ఇలాంటి రోజుల్లో సంఘం గుట్టు పేపరుకెక్కిస్తావా" అని నన్ను తిట్టేవాళ్లుంటారు. రోజులు బాగాలేవన్నది నిజం. మతమార్పిడి మీద 1967లోనే చట్టం చేసిన రాష్ట్రం మాది. హైకోర్టు కొట్టేసినా 1977లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. 2008లో పక్కనున్న కంధమాల్లో ఇళ్లు, చర్చిలు తగలబడ్డాయి, వేలమంది శిబిరాల్లో తలదాచుకున్నారు. అంత కష్టంలోనూ క్రీస్తు పేరు వదలనివాళ్ల బాధను అడ్డం పెట్టుకుని దుకాణాల అద్దె దాచుకోవడం ఏ విశ్వాసం? ఇక గుట్టు అంటారా, పన్నెండుమంది శిష్యుల డబ్బు సంచి మోసినవాడు అందులోంచి తీసుకునేవాడని యోహాను తన సువార్తలో రాసేశాడు. పరువు పోతుందని దాచలేదు.

వారం రోజుల బతుకులో క్రీస్తు అధికారం మాటేమిటని అడగొచ్చు. కొండ దిగి సంతకొచ్చిన ఆవిడ అల్లం, చింతపండు తూకంలో మన క్రైస్తవ వ్యాపారి ఏం చేస్తున్నాడో, పెళ్లి మాటల్లో కట్నం దగ్గర మన పెద్దలేం మాట్లాడుతున్నారో అందరికీ తెలిసిందే. అక్కడా ఇదే రోగం. చర్చిలో లెక్క చెప్పక్కర్లేదని నేర్చుకున్నవాడు సంతలో కాటా సరిచూసుకుంటాడనుకోవడం నా వల్ల కాదు. దీనికి భిన్నంగా, బిస్సంకటక్‌లో 1954లో డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ అనే డేనిష్ వైద్యురాలు మొదలుపెట్టిన క్రిస్టియన్ ఆసుపత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇప్పటికీ అన్ని మతాలవాళ్లూ నమ్మకంతో వస్తారు. ఆ నమ్మకం ప్రసంగాలతో వచ్చింది కాదు.

నేను అడిగేది పెద్ద సంస్కరణేమీ కాదు. బిషప్పుల ఎన్నికలు, కోర్టు కేసులు, సినడ్ రాజ్యాంగం నా స్థాయికి మించినవి. వచ్చే కోత పండుగ నుంచి మొదలుపెట్టండి. గుమ్మడికాయలు, నాటుకోళ్లు, చోళ్ల బస్తాలు వేలం వేస్తాం కదా, పంతానికి పోయి కోడిపిల్లను వెయ్యి రూపాయలకు పాడేవాళ్లూ ఉంటారు కదా. ఆ మధ్యాహ్నమే, జనం భోజనాలకు లేవకముందే, ఎంతొచ్చిందో, ఎవరి దగ్గర ఉందో, దేనికి ఖర్చు పెట్టబోతున్నారో మైకులో చదవండి. పోయిన ఏడాది పండుగ డబ్బు ఏమైందో కూడా చదవండి. ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి. పైఊళ్లవాళ్లు వచ్చి ఉంటే కోంధుల కువి భాషలో చెప్పగలిగినవాళ్లను పిలిచి ఇంకోసారి. ప్రశ్నలకు అరగంట వదలండి. కింద ఇద్దరు సంతకం పెట్టాలి, అందులో ఒకరు కమిటీలో లేనివాళ్లయి ఉండాలి.